ఉద్యోగంలో వివక్ష: అమెరికా సుప్రీంకోర్టు నేర్పే పాఠాలు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. ఈమధ్య ఒక తండ్రి నన్ను అడిగాడు: "మాస్టర్ సాబ్, మా అమ్మాయి అమెరికాలో ఇంటర్వ్యూకు వెళ్తోంది. తలమీద రుమాలు తీసెయ్యమని చెప్పాలా?" ఆ తండ్రి కళ్ళలో భయం చూశాను. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి ఉద్యోగంలో తేడా చెయ్యరాదని అందులోని ఏడవ భాగం చెబుతుంది. పదిహేను మందికి తక్కువ కాకుండా పనివాళ్ళున్న యజమానులకు ఇది వర్తిస్తుంది. కానీ చట్టం కాగితంమీద ఉంటే చాలదు గదా! దానికి ప్రాణం పోసింది కోర్టుకెక్కిన మామూలు మనుషులు.

నార్త్ కరొలినాలో డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ ఉండేది. అక్కడ నల్లవారికి కూలి విభాగంలో తప్ప చోటు లేదు. చట్టం అమలుకు వచ్చిన 1965 జూలై 2వ తేదీనే మంచి పనులకు హైస్కూలు సర్టిఫికెట్టుతో పాటు రెండు పరీక్షలు కూడా పెట్టారు. పైకి అందరికీ ఒకటే నియమం. కానీ నల్లపిల్లలను వేరుబడుల్లో తక్కువ చదువుకు కట్టిపడేసిన రాష్ట్రం అది. పైగా, సర్టిఫికెట్టు లేని పాత తెల్లవాళ్ళు అదే పని చక్కగా చేస్తూనే ఉన్నారు. 1971 మార్చి 8న ప్రధాన న్యాయమూర్తి బర్గర్ తీర్పు చెప్పారు: పనికి సంబంధంలేని పరీక్ష ఒక వర్గాన్ని బయటపెడితే, యజమాని ఉద్దేశం మంచిదైనా చెల్లదు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ప్రశ్నపత్రాలు చూస్తూ వచ్చిన చదువుకున్నవాణ్ణి, బోధించినవాణ్ణి నేను. ఈ తీర్పు చదివి సిగ్గుపడ్డాను. పరీక్ష పెట్టేవాడిక్కూడా ఒక పరీక్ష ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక ఆ తండ్రి ప్రశ్న. 2008లో ఓక్లహామాలో ఒక ముస్లిం అమ్మాయి అబర్‌క్రాంబీ అనే బట్టల కంపెనీలో ఉద్యోగానికి వెళ్ళింది. తలమీద రుమాలుంది. ఇంటర్వ్యూ చేసినామె బాగుందనే అన్నది. పై అధికారి వద్దన్నాడు. "ఆమె మాకు మతం సంగతి చెప్పలేదు" అని కంపెనీ వాదన. 2015 జూన్ 1న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చెప్పిందా లేదా అన్నది కాదు, మతాచారానికి వీలు కల్పించాల్సి వస్తుందేమోనని తప్పించడమే వివక్ష అన్నది.

మరొకటి. 2023 జూన్‌లో ఆదివారం పని చెయ్యనన్న ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి కేసులో, మతాచారానికి వీలు కాదనాలంటే వ్యాపారానికి గణనీయమైన భారం ఉందని యజమాని చూపాలని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆయన ఆదివారం కోసం పోరాడితే మన జుమా నమాజుకూ బలం చేకూరింది. ఒకరి హక్కు ఇంకొకరికి నీడ.

అయితే హక్కు తనంతట తాను నడిచి రాదు. ఫిర్యాదు చెయ్యడానికి గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. కాగితాలు, తేదీలు దాచుకోవాలి. ఆ తండ్రితో, "రుమాలు తీయించకండి, తేదీలు రాసుకోమనండి" అన్నాను.

చివరగా ఒక మాట. కోపం తెచ్చుకోకండి. మన దుకాణానికి మనిషిని పెట్టుకునేటప్పుడు పని చూస్తున్నామా, కులం, బిరాదరీ, ఊరు చూస్తున్నామా? ఇతరుల గుమ్మం దగ్గర న్యాయం కోరేవాడు తన గుమ్మం దగ్గర కూడా దాన్ని నిలబెట్టుకోవాలి. ఖుదా హాఫిజ్.