కొండెక్కే ఎలక్ట్రిక్ సైకిల్‌కి ఎన్ని పళ్లు?

కొండదారుల ఎలక్ట్రిక్ సైకిల్ కొనేవాళ్లు మోటారు గురించి, బ్యాటరీ గురించి పదిసార్లు అడుగుతారు. పెడల్ పక్కనుండే పళ్ల చక్రాన్ని, అంటే చైన్‌రింగ్‌ని, పట్టించుకునేది తక్కువ.

చైన్‌రింగ్‌కి 34 పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్ద గేరుకి 51 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక టైరు మూడింట రెండు వంతులే తిరుగుతుంది. నిట్టనిలువు ఎత్తులో కావలసింది సరిగ్గా ఇదే. చైన్‌రింగ్ 38 పళ్లదైతే? టైరు దాదాపు ముప్పావు చుట్టు తిరగాలి. ఆ బరువు కాళ్లకు వెంటనే తెలుస్తుంది.

మోటారుంది కదా, అదే లాగదా? లాగుతుంది. కానీ కాళ్లు చకచకా ఆడుతుంటేనే హాయిగా లాగుతుంది. పెడల్ ఈడ్చుకుంటూ తిరిగితే మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

పెద్ద రింగుతో వేగం వస్తుంది, నిజమే. అయితే యూరప్‌లో మామూలు ఎలక్ట్రిక్ సైకిళ్లకు గంటకు 25 కిలోమీటర్లు దాటితే మోటారు సాయం ఆగిపోతుంది. 34 పళ్లతోనే ఆ వేగం సులువుగా అందుతుంది. పైగా చిన్న రింగు రాళ్లకు తగలడం తక్కువ.

కాబట్టి ఎత్తులు ఎక్కువైతే 32 లేదా 34. చదును ఎక్కువైతే 36 లేదా 38.

ఒక్క జాగ్రత్త. బాష్ పాత మోటార్లు కొన్నిటిలో పెడల్ ఒక చుట్టు తిరిగితే రింగు రెండున్నర చుట్లు తిరిగేది. అందుకే వాటికి 15, 16 పళ్ల బుల్లి రింగులుండేవి. వాటికి ఈ లెక్క వర్తించదు. రింగు మార్చే ముందు మోటారు ఏ రకమో చూసుకోవాలి.