ఇంటిగుట్టు, దేశం పరువు

(జిల్లా స్త్రీల హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కరపత్రంలో నా పేరు పక్కన "భావప్రకటనా స్వేచ్ఛ - దేశద్రోహం" అని వేశారు. ఇది లాయర్లు మాట్లాడాల్సిన విషయం కదా అన్నాను. "నువ్వు ఆ బిందెల సంగతి చెప్పక్కా, చాలు" అన్నారు నిర్వాహకులు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

1997లో, స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని ఊరూరా తోరణాలు కట్టిన ఏడు అది. మేం పనిచేసే ఒక ఊళ్లో చేతిపంపు చెడిపోయి రెండు నెలలైంది. ఆడవాళ్లు మైలు దూరం పోయి పొలాల్లో బావి నుంచి నీళ్లు మోసుకునేవాళ్లు. అర్జీలు పెట్టారు, ఆఫీసు చుట్టూ తిరిగారు. పంపు మాత్రం బాగుపడలేదు. ఆగస్టు 15న జెండా ఎగరేయడానికి ఒక అధికారి వస్తున్నాడని తెలిసి, ఇరవై మంది ఖాళీ బిందెలతో బడి ముందు నిలబడ్డారు. నేనూ ఉన్నాను. జెండా ఎగిరేదాకా, పాట అయ్యేదాకా ఎవరూ నోరెత్తలేదు. ఆ తర్వాత ఒకామె బిందె బోర్లించి, "యాభై ఏళ్ల స్వాతంత్ర్యం ఇందులో ఎంతుందో చూడండి సారూ" అంది. అంతే అన్నది. "జెండా పండగనాడు దేశాన్ని అవమానిస్తారా, దేశద్రోహం కేసు పెట్టిస్తా" అని ఆయన లేచాడు. మమ్మల్ని సాయంత్రం దాకా స్టేషన్ అరుగు మీద కూర్చోబెట్టి పంపేశారు. కేసు ఏమీ పెట్టలేదు.

అసలు కథ ఇళ్లకు వెళ్లాక మొదలైంది. ఆ రాత్రి ముగ్గురిని భర్తలు కొట్టారు. వీధికెక్కి ఇంటి పరువు తీశారట. పొద్దున దేశం పరువు తీసినవాళ్లే రాత్రికి ఇంటి పరువు తీసినవాళ్లయ్యారు.

మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోసిన సామెత ఒకటుంది, "ఇంటిగుట్టు లంకకు చేటు" అని. భర్త తాగొచ్చి కొడితే పక్కింటివాళ్లకు చెప్పకు, మామ చెయ్యి పట్టుకుంటే అమ్మకు కూడా చెప్పకు, అన్నిటికీ ఇదే సామెత. నేను దీన్ని చాలాసార్లు తిరగేసి చూశాను. లంకకు చేటు తెచ్చింది ఎవరు? పరాయి స్త్రీని ఎత్తుకొచ్చినవాడా, అది తప్పని చెప్పినవాడా? సామెత రావణుడి ఊసే ఎత్తదు. విభీషణుడు లేచి నేరుగా సముద్రం దాటలేదు. ముందు నిండు సభలో, అన్న ఎదుటే నిలబడి, సీతను పంపించెయ్యమన్నాడు. ఆ మాటకే ద్రోహి అనిపించుకున్నాడు. మండోదరి కూడా అదే చెప్పింది, ఆమె మాట ఎవరూ విననే లేదు. తర్వాత అవతలి సైన్యంలో చేరి ఇంద్రజిత్తు యాగం గుట్టు చెప్పడం వేరే పని. అది ద్రోహమో ధర్మమో పండితులు వాదించుకోనివ్వండి. నాకు కావలసింది ఆ రెండు పనుల మధ్య ఉన్న సముద్రం. ఇవతలి ఒడ్డున ఉన్నది మాట. మన చట్టం నూటయాభై ఏళ్లుగా ఆ సముద్రాన్ని చూడనట్టే నటిస్తోంది.

బ్రిటిషువాళ్లు 1870లో శిక్షాస్మృతిలో 124-ఎ సెక్షన్ చేర్చారు. ప్రభుత్వం మీద జనంలో అప్రీతి పుట్టించడం నేరమన్నారు. ఆ 'అప్రీతి' దగ్గర కాస్త ఆగండి. 1897లో తిలక్ కేసులో, అప్రీతి అంటే ప్రీతి లేకపోవడమేనని జడ్జి జూరీకి చెప్పాడు. అంటే ప్రేమించకపోతే జైలు! ఈ మాట మగ లాయర్లకు వింతగా తోచవచ్చు గానీ, కాపురాలు చేసిన మనకు కొత్తేమీ కాదు. 1922లో అహ్మదాబాదు కోర్టులో గాంధీ, ప్రేమను చట్టంతో పుట్టించలేరని చెప్పి, ఆరేళ్ల శిక్ష వేయించుకున్నాడు. మన బెజవాడ 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లోనే ఇదే నేరం కింద జైలుకు పోయాడు. వితంతువు గడప దాటడమే తప్పయిన రోజుల్లో దువ్వూరి సుబ్బమ్మ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి 1922లో ఏడాది జైలు అనుభవించింది. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నా ఆమె ఒప్పుకోలేదని పెద్దలు చెప్పుకునేవాళ్లు.

అటువంటి అనుభవం ఉన్నవాళ్లే కనుక, 1948లో రాజ్యాంగ సభ భావప్రకటనా స్వేచ్ఛ మీద పెట్టిన ఆంక్షల్లోంచి 'రాజద్రోహం' అనే మాటను తీసేసింది. సెక్షన్ మాత్రం శిక్షాస్మృతిలో అలాగే మిగిలిపోయింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక హద్దు గీసింది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా నేరం కాదు, హింసకు పురిగొల్పడమో, శాంతిభద్రతలను చెడగొట్టే ఉద్దేశమో ధోరణో ఉంటేనే నేరం అంది. చిత్రమేమిటంటే, సి.ఐ.డి. వాళ్లను కుక్కలని తిట్టిన ఆ బీహారు మనిషి శిక్ష మాత్రం రద్దు కాలేదు. ఇక వారెంటు లేకుండానే అరెస్టు చేసే వీలు ఈ సెక్షన్‌కు వచ్చింది తెల్లదొరల కాలంలో కాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో వచ్చింది. అప్పుడు ప్రధాని పీఠం మీద ఉన్నది ఒక స్త్రీ. స్త్రీలు అధికారంలోకి వస్తే చాలుననుకునే మిత్రులు దీన్ని కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

కోర్టులు మంచి తీర్పులూ ఇచ్చాయి. కేరళలో 1985లో జాతీయగీతం పాడేటప్పుడు లేచి మర్యాదగా నిలబడి, తమ మత విశ్వాసం వల్ల గొంతు మాత్రం కలపని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. పాడకుండా నిలబడటం అవమానం కాదని 1986లో తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజునే చండీగఢ్‌లో ఖలిస్తాన్ నినాదాలిచ్చిన ఇద్దరిని 1995లో సుప్రీంకోర్టు వదిలేసింది. ఒకటి రెండుసార్లు అరిచారు, విన్నవాళ్లెవరూ కదల్లేదు, కాబట్టి నేరం కాదంది. పదేళ్లకు పైగా పట్టింది ఈ మాట చెప్పడానికి.

తీర్పు కాగితం మీద ఉంటుంది, పోలీసు జీపు వాకిట్లోకి వస్తుంది. తెలంగాణ సరిహద్దుకు అవతల బీదర్‌లో 2020 జనవరిలో పౌరసత్వ చట్టం మీద బడిపిల్లలు చిన్న నాటకం వేశారు. అందుకు ప్రధానోపాధ్యాయినినీ, ఒక పాప తల్లినీ రాజద్రోహం కింద అరెస్టు చేశారు. పోలీసులు బడికి మళ్లీ మళ్లీ వచ్చి పిల్లలను ప్రశ్నించారు. బెయిలు వచ్చేదాకా ఆ తల్లి జైల్లో, బిడ్డ ఇరుగుపొరుగుల దయలో. బడికి సంబంధించిన కేసును 2023లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. అమ్మ ఇంట్లో లేని ఆ రోజులు ఆ పిల్లకు ఏ కోర్టు తిరిగిస్తుంది?

2022 మే 11న సుప్రీంకోర్టు 124-ఎ ను పక్కన పెట్టినప్పుడు మనం మిఠాయిలు పంచుకున్నాం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రాజద్రోహం అనే మాట పోయింది. దాని స్థానంలో 152వ సెక్షన్‌లో సార్వభౌమత్వానికి, ఐక్యతకు ప్రమాదం అంటున్నారు. యావజ్జీవం కాకపోతే పాత సెక్షన్‌లో మూడేళ్ల దాకా శిక్ష, ఇందులో ఏడేళ్ల దాకా. ఇక శత్రువుకు రహస్యాలు అమ్మడానికి 1923 నుంచీ వేరే చట్టం ఉంది. ఆయుధం పట్టి యుద్ధం చేయడానికి వేరే సెక్షన్ ఉంది. అవన్నీ పోగా ఈ సెక్షన్‌కు మిగిలేది ఎక్కువగా మాటలే.

ఇక్కడ నన్ను ఒక చెల్లెలు అడిగింది. ఫలానా మతం ఆడవాళ్లను చెరచమని మైకులో చెప్పేవాణ్ణి అరెస్టు చెయ్యమని మనమే ధర్నా చేస్తాం కదా, అప్పుడు భావప్రకటన ఏమైంది అని. న్యాయమైన ప్రశ్న. నేనైతే ఆ మాట ఎవరికి తగులుతుందో, ఎదురుగా ఎవరున్నారో చూస్తాను. ఎదుట కర్రలు పట్టుకున్న గుంపు ఉండి, వీధి చివర ఫలానా వాళ్ల ఇళ్లు ఉంటే అది మాట కాదు, దాడిలో మొదటి అడుగు. ప్రభుత్వానికి తగిలే మాట ఎంత చేదైనా అలాంటిది కాదు. ప్రభుత్వానికి తుపాకులున్నాయి. అయినా మధ్యలో చీకటి జాగా కొంత ఉంది, లేదని నేననను.

చివరగా ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట మా పని చూడటానికి విదేశీ అతిథులు వచ్చారు. మహిళా సంఘంలో ఒక దళిత సోదరి, తన అక్కను జోగినిని చేసిన సంగతి చెప్పబోయింది. నేను మోకాలితో ఆమెను తట్టి, పొదుపు సంగతి చెప్పమన్నాను. బయటివాళ్ల ముందు మన దేశం గురించి అలా ఎందుకు అనుకున్నాను. ఆమె పొదుపు లెక్కలు చెప్పి కూర్చుంది. తర్వాత ఎన్ని మీటింగులకు పిలిచినా రాలేదు. నిరుడు కలిసి క్షమించమన్నాను. "మీరన్నా తట్టారు, మావాళ్లయితే నోరే మూసేవాళ్లు" అని నవ్వింది.

ఇవాళ ఆమె వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. మధ్యాహ్నం ఆమె మాట్లాడుతుంది. నాకిచ్చిన సమయంలో ఇంకా పది నిమిషాలున్నాయట, అవి కూడా ఆమెకే ఇవ్వండి.