ముసలి కుక్కకు విరిగిన కాలు



కాలు విరిగిన కుక్కపిల్ల మూడు నాలుగు వారములలో మరల నడచును. పదకొండేండ్ల కుక్కకు అదే ఎముక మూడు నెలలకైనను అతుకునన్న నమ్మకము లేదు. ఈ సంగతి మాకు మా యింటి రాజు వలన తెలిసినది. వానకు తడిసిన మెట్లపై జారి, వాడు కుడి ముందుకాలు మణికట్టుకు కొంచెము పైగా విరుగగొట్టుకొనెను.

మొదట బద్దలు వేసి కట్టు కట్టిరి. పది వారములు గడచినను ఎక్స్‌రే పటములో విరిగిన మొనల నడుమ నల్లని గీత యట్లేయుండెను.

ఎముక అతుకుటకు కదలిక లేకుండవలెను, రక్తము చేరవలెను. ముందుకాలి ఆ భాగమున కండ తక్కువ. కావున రక్తప్రసారమును తక్కువే. చిన్నజాతి కుక్కలకు ఈ చిక్కు మరింత యెక్కువ. ఎముకలో చీము పట్టినను, మూత్రపిండముల జబ్బు ఉన్నను, స్టెరాయిడ్ మందులు చాలకాలము వాడినను అతుకు ఆలస్యమగును. కనుక తప్పు కట్టుదని తొందరపడక, ముందు రక్తపరీక్ష చేయింపవలెను.

మా పొరుగువారు పుత్తూరు కట్టు మాట యెత్తిరి. ఆకు పసరు, గ్రుడ్డు సొన, వెదురుబద్దలు. ఈ కట్టుపై మనవారికి గల నమ్మకము సామాన్యమైనది కాదు. అయితే ఏ కట్టైనను విరిగినచోటికి పై కీలును, క్రింది కీలును కదలనీయరాదు. తొడ యెముక విరిగినచో కుక్కకు ఆ విధముగ కట్టుటయే సాధ్యము కాదు. మా రాజుకు కట్టు చాలదని పది వారములే చెప్పినవి. కట్టు తడిసినను, వాసన వచ్చినను, వ్రేళ్లు వాచినను వెంటనే విప్పించుడు. ఈ విషయమున మేము ఒకసారి అశ్రద్ధ చేసితిమి, చర్మము ఒరసి పుండైనది.

ఇక మిగిలినవి కోతలే. లోపల లోహపు పలకను మరలతో బిగించుట యొకటి; చర్మము గుండ ఎముకలోనికి కడ్డీలు దించి వెలుపల చట్రముతో నిలుపుట మరియొకటి. చీము ఉన్నచోట ఈ రెండవది మేలని వైద్యులు తలచుదురు. అతుకు మందగించినప్పుడు జబ్బ యెముకనుండి మెత్తని గుజ్జును తీసి సందులో నింపుదురు. ఎముకను పుట్టించు ప్రోటీనులు కలవని మార్షల్ యూరిస్ట్ 1965లో చూపెను. నేడు వానిని కొన్నిచోట్ల వాడుచున్నారు గాని ఖర్చు చాల హెచ్చు. ఏదియు పనిచేయనిచో కాలు తీసివేయుదురు. వినుటకు కఠినమే, కాని తక్కిన మూడు కాళ్లు గట్టిగానుండి, బరువు మితముగానున్న కుక్క దానితో బాగుగనే తిరుగును.

“ముసలి ప్రాణిని కోయించుట యేల?” అని మా తల్లిగారు అడిగిరి. మేమును అట్లే తలచుచుంటిమి. వయస్సు రోగము కాదనియు, గుండె, మూత్రపిండములు బాగున్నచో మత్తు ఇయ్యవచ్చుననియు వైద్యులు చెప్పిరి. పరీక్షలు బాగున్నవి. పలక వేయించితిమి, గుజ్జు నింపించితిమి. ఆ రాత్రి ఇంటిలో నెవరును సరిగా నిదురింపలేదు.

కాల్షియం మాత్రలను గూర్చి పలువురు సలహా చెప్పిరి. మంచి ఆహారము తిను కుక్కకు వానివలన అతుకు త్వరపడదు. మన నొప్పిమాత్రలు మాత్రము ఎన్నడును ఇయ్యరాదు; ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపులో పుండ్లు చేయును, మూత్రపిండములను చెఱచును. నొప్పికి కుక్కలకు తగిన మందును, మోతాదును పశువైద్యుడే నిర్ణయింపవలెను.

ఎనిమిదవ వారపు పటములో ఆ నల్లని గీతపై తెల్లని పొగవంటి పొర కనబడెను. పండ్రెండవ వారమునకు గీతయే లేదు. రాజు నేడు వీధి చివరవరకు వచ్చుచున్నాడు. చలి ఉదయములందు కొంచెము కుంటును. మెట్లపై మేము గోనెపట్టా పరచితిమి.