వెయ్యి గ్రహాలంట, తొమ్మిది వందలు ఉత్త రాళ్ళంట!

కమలాపురం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు 2023 ఆగస్టు 30. సరిగ్గా ఇంకో వారంలో, సెప్టెంబర్ 6న, స్టార్‌ఫీల్డ్ గేమ్ రిలీజ్. దీని గురించి మనోళ్ళు చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, వెయ్యి గ్రహాలు ఇస్తున్నారంట. కానీ ఎక్కువ వాటి మీద ఏమీ ఉండదంట. బోర్ కొట్టదా?" ఈ ఎపిసోడ్ మొత్తం ఆ "ఏమీ ఉండదు" అనే మాట మీదే.

తెలియనోళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. స్టార్‌ఫీల్డ్ చేస్తున్నది బెథెస్డా గేమ్ స్టూడియోస్. స్కైరిమ్, ఫాల్అవుట్ 4 చేసినోళ్ళు. డైరెక్టర్ టాడ్ హోవర్డ్. వందకు పైగా నక్షత్ర మండలాలు, వాటిలో వెయ్యికి పైగా గ్రహాలు. మ్యాప్‌లో గ్రహాన్ని తిప్పి, నచ్చిన చోటు చూపిస్తే అక్కడ మీ షిప్ దిగుతుంది. దిగినాక చేతిలో స్కానర్ ఉంటుంది. రాయి వైపు పెడితే అందులో ఏ లోహం ఉందో చెప్తుంది. మొక్క వైపు, జంతువు వైపు పెడితే దాని వివరం చెప్తుంది. జూన్‌లో వదిలిన పెద్ద వీడియోలో ఇదంతా చూపించారు. ఆ నెలలోనే ఒక ఇంటర్వ్యూలో టాడ్ హోవర్డ్ ఇంకో మాట కూడా అన్నాడు. వీటిలో జీవం ఉండేది సుమారు పది శాతం గ్రహాల మీదేనంట. అంటే వెయ్యిలో వంద. మిగతా తొమ్మిది వందలు రాళ్ళు, మట్టి, దుమ్ము. గోల మొదలైంది ఇక్కడే.

వెయ్యి గ్రహాలు ఎవురూ కూర్చుని చేత్తో చెయ్యలేరు. కంప్యూటర్‌కి కొన్ని రూల్స్ ఇస్తారు, అది కొండలు, లోయలు పుట్టిస్తుంది. దాని మీద అక్కడక్కడా మనుషులు చేత్తో చేసిన స్థావరాలు, గుహలు తెచ్చి పెడతారు. చుక్కల ముగ్గు తెలుసు కదా? చుక్కల లెక్క ఒకటే, కలిపే పద్ధతి ఒకటే, కానీ ముగ్గులు వందల రకాలు వస్తాయి. అట్లాంటిదే. కష్టం ఎక్కడంటే, రోజూ ముగ్గులు చూసేవాళ్ళకి కొన్నాళ్ళకి చుక్కల లెక్క కనబడిపోతుంది. 2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కైలో గ్రహాల సంఖ్య ఎంతో తెలుసా? లక్షా 84 వేల కోట్ల కోట్లు! అయినా మొదట్లో ఆడినోళ్ళు అన్న మాట, పది గ్రహాలు చూస్తే అన్నీ చూసినట్టే ఉందని. తర్వాత వాళ్ళు ఏళ్ళ తరబడి అప్‌డేట్లు ఇచ్చి గేమ్‌ని నిలబెట్టుకున్నారు, అది వేరే కథ. లెక్క పెంచినంత మాత్రాన అన్వేషణ పెరగదని మాత్రం తేలిపోయింది.

సరే, మరి ఆ తొమ్మిది వందల గ్రహాలు దండగేనా? ఇక్కడ మన ప్రాంతం మాట చెప్పాలి.

బయటినుంచి వచ్చినోళ్ళు రైల్లోనుంచి మన సీమను చూసి అనే మాట మీరు కూడా వినుంటారు. "రాళ్ళు తప్ప ఏముందప్పా ఇక్కడ?" ఆ రాళ్ళ సంగతి చూద్దాం. భూమి గురించి చదివేవాళ్ళకి, ప్రపంచంలో ఎక్కడున్నా సరే, కడప అంటే ఒక ఊరి పేరు మాత్రమే కాదు. కడప బేసిన్ అంటారు. సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు, నెలవంక ఆకారం. జియాలజికల్ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ 1872లోనే దీని మీద పుస్తకం రాశాడు. ఇందులో కింది పొరల గుంపు పేరు ఏమిటో తెలుసా? పాపఘ్ని. అవును, మన కమలాపురం దగ్గర పెన్నలో కలిసే మన పాపఘ్నే. అందులో అడుగు పొర పేరు గువ్వలచెరువు మీద పెట్టారు, దాని పైది వేంపల్లె. ఆ పైన చిత్రావతి గుంపు. అందులో పులివెందుల, తాడిపత్రి, గండికోట. మన బస్సుల బోర్డుల మీద ఉండే పేర్లన్నీ అక్కడ వరసగా ఒకదానిమీద ఒకటి ఉన్నాయి.

ఇప్పుడు వేంపల్లె పొర దగ్గర ఆగుదాం. ఆ రాయి వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళు. అప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం. ఆ రాళ్ళలో కొన్నిచోట్ల గుండ్రంగా, పొరలు పొరలుగా, ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు గుర్తులు ఉంటాయి. వాటిని స్ట్రొమాటోలైట్లు అంటారు. కంటికి కనబడని సూక్ష్మజీవులు నీళ్ళ అడుగున చాపలాగా పరుచుకుని, పైన పడిన సన్నటి మట్టిని, సున్నాన్ని పట్టుకుంటాయి. మళ్ళీ దాని మీదికి ఎక్కి ఇంకో పొర వేస్తాయి. అట్లా కట్టుకుంటూ పోయిన గూళ్ళు అవి. అంటే అది ప్రాణం ఉన్నవి కట్టిన రాయి.

ఇప్పుడు అదే స్కానర్ తీసుకుని 190 కోట్ల ఏళ్ళ కిందటి కడప మీద దిగారనుకోండి. హెల్మెట్ తీస్తే ఊపిరాడదు, గాల్లో అంత ఆక్సిజన్ లేదు. నేల మీద చెట్టు లేదు, గడ్డి పోచ లేదు, పురుగు లేదు. మొక్కలు సున్నా, జంతువులు సున్నా. మీరు ఏమంటారు? "ఉత్త రాళ్ళబ్బా, పోదాం పద" అనే అంటారు. కానీ పక్కనే ఆ నీళ్ళ అడుగున జీవం పొరలు కడుతూ ఉంది.

ఇంకో లెక్క చూడండి. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. నేల మీద మొక్కలు వచ్చి సుమారు 47 కోట్ల ఏళ్ళు. ఎంత? పదో వంతు! టాడ్ హోవర్డ్ చెప్పిన పది శాతం లాంటిదే. ఇది కాకతాళీయమే, ఆయన ఈ లెక్క చూసి పెట్టాడని నేను అనడం లేదు. కానీ అర్థం చూడండి. మన భూమి మీదే కళ్ళు మూసుకుని ఏదో ఒక కాలంలో దిగితే, పదింట తొమ్మిదిసార్లు నేల మీద కనబడేది రాళ్ళే. కాబట్టి ఆ తొమ్మిది వందల గ్రహాలు పెట్టడం తప్పేం కాదు. ఆ రాయిని చదవడానికి గేమ్ మనకు ఏమైనా ఇస్తుందా లేదా అన్నదే నా అనుమానం.

ఎందుకంటే నిజమైన అన్వేషణ ఎట్లా ఉంటుందో ఈ వారమే మనం లైవ్‌లో చూస్తున్నాం. మన శ్రీహరికోట నుంచి జూలై 14న పోయిన చంద్రయాన్-3, ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలు. వేగం సెకనుకు ఒక్క సెంటీమీటర్! చీమ కూడా నవ్వుతుంది. 27న దానికి 3 మీటర్ల ముందర 4 మీటర్ల వెడల్పు గుంత ఎదురైంది. వెనక్కి తిప్పి వేరే దారిలో పంపించారు. నేల మీద లేజర్ కొట్టి, అప్పుడు పుట్టిన వెలుగులో రంగులు చూసి, అక్కడ సల్ఫర్ ఉందని తేల్చారు. హైడ్రోజన్ కోసం ఇంకా వెతుకుతున్నారు. విక్రమ్ ల్యాండర్ నేలలోకి గుచ్చిన సాధనం చెప్పింది వినండి. పైన 50 డిగ్రీలు దాటిన వేడి, 8 సెంటీమీటర్ల లోపలికి పోతే మైనస్ 10. నా అరచేయి పొడవు కూడా లేదు ఆ లోతు. ఇదంతా భూమి లెక్కన 14 రోజుల పగలు ఉన్నంతవరకే. తర్వాత రాత్రి.

స్టార్‌ఫీల్డ్‌లో ఇవన్నీ ఒక్క బటన్. గేమ్ కాబట్టి అది తప్పనిసరి, నేను కాదనను. సెంటీమీటర్ వేగంతో నడిపిస్తే ఎవురు ఆడతారు? కానీ స్కానర్ ఎప్పుడూ తప్పు చెప్పదు చూడండి, అక్కడ ఏదో పోతోంది. ప్రజ్ఞాన్ వెనకున్న వాళ్ళు అనుకుంటారు, కొలుస్తారు, మళ్ళీ కొలుస్తారు. గేమ్‌లో మనం అనుకోవడానికే చోటు లేకపోతే, మిగిలేది ఏరుకోవడం ఒక్కటే.

అందుకే రిలీజ్ అయినాక నేను చూడబోయేవి మూడు. ఒకటి, ఒక రాయి ఇంకో రాయి గురించి ఏమైనా చెప్తుందా, లేక ఇనుము, ఇనుము, ఇనుము అంటూ పోతుందా? రెండు, నా అంతట నేను ఊహించి, తప్పయి, మళ్ళీ సరిచేసుకునే అవకాశం ఉందా? మూడు, కనుక్కున్నదానికి బహుమతి అమ్ముకోవడమేనా?

మూడోది మనకు కొత్త ముచ్చట కాదు. మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, ప్రపంచంలోనే పేరున్న నిక్షేపం. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలపడానికి వాడతారు. అదే మంగంపేట రాతి పొరలను జియాలజికల్ సర్వే జాతీయ స్మారకంగా కూడా గుర్తించింది. అంటే ఒకే రాయికి రెండు విలువలు. టన్నుకు ఇంత అనేది ఒకటి. ఇది ఎట్లా పుట్టిందో చెప్తుంది అనేది రెండోది. మొదటిది అందరికీ తెలుసు, మనూళ్ళలో దాని మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. రెండోది చెప్పేవాళ్ళే తక్కువ. ఒక నేలను "అక్కడేం లేదులే" అని అందరూ అనేసుకున్నాక, దానికి ఏం జరిగినా ఎవురూ అడగరు. గేమ్‌లో తప్పు చేస్తే పాత సేవ్ లోడ్ చేసుకోవచ్చు. వేంపల్లె రాయికి సేవ్ ఫైల్ లేదు.

ఇంక గేమ్ ఆడటం సంగతి. స్టార్‌ఫీల్డ్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్, పీసీ మీదే వస్తోంది. పీసీకి 16 జీబీ ర్యామ్, 125 జీబీ ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ కావాలి. ఇది వింటున్నవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫోనే అని నాకు తెలుసు. అందుకని ఫోన్‌తో చేసేవి రెండు చెప్తా.

మొదటిది, మార్స్ మీద పర్సెవరెన్స్ రోవర్ తీసే ఫోటోలను నాసా తన వెబ్‌సైట్‌లో ఉన్నవి ఉన్నట్టే పెడుతుంది, ఫ్రీగా. 2021 ఫిబ్రవరి నుంచి అది జెజెరో అనే గుంతలో, ఒకప్పుడు నది తెచ్చి పోసిన మట్టి మీద తిరుగుతోంది. వెతుకుతున్నది పాతకాలపు సూక్ష్మజీవుల గుర్తులు. అంటే మన వేంపల్లె రాయిలో ఉన్నలాంటి పొరలు! ఆ మిషన్ సైంటిస్టులు 2019లో ఆస్ట్రేలియా పోయి మరీ అక్కడి స్ట్రొమాటోలైట్లు చూసి వచ్చారు.

రెండోది, ఈసారి వేంపల్లె వైపో, గండికోటకో పోయినప్పుడు ఒక రాయి ముందర ఐదు నిమిషాలు నిలబడండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది. పొరలు లెక్కపెట్టండి. ఏ పొర ముందు పడింది, ఎందుకు వంగింది, ఇక్కడ నీళ్ళు ఉండేవా, మీకు మీరే ఊహించండి. పగలగొట్టొద్దు, ఇంటికి తేవద్దు. మీ ఊహ తప్పయినా పర్లేదు, రాసి పంపండి, ఫోటోలతో సహా మాట్లాడుకుందాం.

గేమ్ వచ్చినాక ఆ మూడు ప్రశ్నలకు జవాబులతో ఇంకో ఎపిసోడ్ చేస్తా. అంతవరకు ఉంటా మరి, జాగ్రత్త!