మంచం పక్కన మన పని

ఇంట్లో ఎవరికి ఆపరేషనైనా ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చునేది చాలావరకు మనమే కదా! "డాక్టర్ల మధ్యే ఉన్నాం, ఇంకేం భయం" అనుకుంటాం. కానీ పక్షవాతం ఆస్పత్రిలో ఉన్నవాళ్లకీ వస్తుంది. గుండె ఆపరేషనైనవాళ్లకూ, రక్తం పలచబరిచే మందు ఆపినవాళ్లకూ ఆ ప్రమాదం ఎక్కువ.

చిక్కల్లా, అది మత్తుమందు ప్రభావమో నీరసమో అనుకోవడంలోనే ఉంది. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పైకెత్తి నిలపలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా "కాస్త పడుకోనిద్దాం" అనకండి. డాక్టరుగారు రౌండ్లకు వచ్చేదాకా ఆగకండి. వెంటనే నర్సును పిలవండి.

మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు నశిస్తాయని 2006లో లెక్కగట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ లెక్క మనం గమనించినప్పటినుంచి కాదు, మనిషి చివరిసారి బాగా ఉన్నప్పటినుంచి. "ఏడింటికి కాఫీ తాగి చక్కగా మాట్లాడారు" అన్న మీ మాటకు అందుకే అంత విలువ!

ముందు స్కాను తీసి, గడ్డా, రక్తస్రావమా తేలుస్తారు. చక్కెర పడిపోయినా ఇలాగే ఉండొచ్చు గనుక అదీ చూస్తారు. కొత్తగా పెద్ద ఆపరేషనైనవాళ్లకు ఆ ఇంజెక్షను పనికిరాకపోవచ్చు. అలాంటివారిలో కొందరికి రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేస్తారు.

ఈలోగా మంచినీళ్లు గానీ మాత్ర గానీ నోట్లో వెయ్యకండి, పొలమారుతుంది. వాడే మందుల చీటీ దగ్గరుంచుకోండి. పొద్దున్నా రాత్రీ రోగిని నాలుగు మాటలు పలకరించి, టైము చూసి ఉంచుకోండి.