బీబీఏలో మార్కెటింగా, మేనేజ్‌మెంటా, లాజిస్టిక్సా? రూపాయి షాంపూ ప్యాకెట్‌తో అర్థం చేసుకుందాం



ఇంటర్ రిజల్ట్స్ రాగానే చాలా ఇళ్ళల్లో ఒకే చర్చ నడుస్తుంది. ఇంజనీరింగ్ వద్దనుకున్నాం, మెడిసిన్ రాలేదు, మరి ఏం చేయాలి? "బీబీఏలో చేర్పించండి, బిజినెస్ కోర్సు కదా, ఉద్యోగం వస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు. కాలేజీకి వెళ్తే ఒక రంగుల కాగితం చేతిలో పెడతారు. అందులో బీబీఏ మార్కెటింగ్, బీబీఏ జనరల్ మేనేజ్‌మెంట్, బీబీఏ లాజిస్టిక్స్ అని ఉంటాయి. ఏది తీసుకోవాలో చెప్పేవాళ్ళు ఉండరు. ఫ్రెండ్ ఏది తీసుకుంటే మనమూ అదే తీసేసుకుంటాం.

మూడేళ్ళు చిన్న విషయం కాదండీ. ఇంట్లో ఫీజు కట్టేవాళ్ళకి అది ఇంకా పెద్ద విషయం. చెల్లి చదువుకి దాచిన డబ్బు అందులో ఉండొచ్చు. అందుకని ఈరోజు ఈ మూడు కోర్సుల్లో అసలు ఏం చెబుతారు, చదివాక మొదటి ఉద్యోగం ఎలా ఉంటుంది, చేరేముందు కాలేజీని ఏం అడగాలి, ఈ మూడు విషయాలు మాట్లాడుకుందాం.

సబ్జెక్టుల లిస్టు చదివితే నిద్రొస్తుంది. కాబట్టి ఒక వస్తువు తీసుకుందాం. మన కిరాణా కొట్లో తాడుకి వేలాడుతూ ఉంటుందే, రూపాయి షాంపూ ప్యాకెట్, అదే.

ముందు మార్కెటింగ్. ఒకప్పుడు షాంపూ అంటే సీసా. సీసా కొనగలిగేది కొంతమందే. మిగతావాళ్ళకి కుంకుడుకాయ, సీకాయ, లేదంటే సబ్బు. తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన షాంపూని చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మొచ్చని ఆలోచించారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో సొంతంగా వ్యాపారం మొదలుపెట్టి, తండ్రి పేరులోంచే 'చిక్' అని షాంపూకి పేరు పెట్టారు. తర్వాత అదే కెవిన్‌కేర్ కంపెనీ అయింది. వాళ్ళు ఒక స్కీమ్ పెట్టారు. 5 ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఫ్రీ. మొదట్లో ఏ కంపెనీ ఖాళీ ప్యాకెట్ అయినా ఒప్పుకున్నారు. జనానికి అలవాటయ్యాక, చిక్ ప్యాకెట్లు మాత్రమే తీసుకుంటాం అన్నారు. ఇప్పుడు ఫ్రీ ప్యాకెట్ కావాలంటే చిక్కే కొనాలి. ఎంత తెలివైన ఆలోచనో చూడండి!

మార్కెటింగ్ అంటే యాడ్లు తీయడం, ఇన్‌స్టాలో రీల్స్ పెట్టడం అనుకుంటాం. అది చివర్లో వచ్చే పని. అసలు పని, ఎవరు కొనట్లేదు, ఎందుకు కొనట్లేదు అని కనిపెట్టడం. సీసా కొనలేనివాళ్ళకి షాంపూ ఇష్టం లేక కాదు, ఒకేసారి అంత డబ్బు పెట్టలేక కొనట్లేదు. ఈ సంగతి పట్టుకున్నవాళ్ళే మార్కెట్ పట్టుకున్నారు. బీబీఏ మొదటి సంవత్సరంలోనే మీకు 'నాలుగు పీ'లు చెబుతారు. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. ఇది 1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసర్ చెప్పిన లెక్క. తర్వాత ఫిలిప్ కోట్లర్ పుస్తకాల వల్ల ప్రపంచమంతా పాకింది. అందులో మూడో పీ ఉంది చూశారా, ప్లేస్? అంటే సరుకు జనం చేతికి అందే చోట ఉండాలి. అక్కడే లాజిస్టిక్స్ మొదలవుతుంది.

రూపాయి ప్యాకెట్ మీద లాభం పైసల్లో ఉంటుంది. ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన పెట్టె కంపెనీ డిపోకి వెళ్తుంది. అక్కడినుంచి డిస్ట్రిబ్యూటర్ గోడౌన్, అక్కడినుంచి ఆటోలోనో వ్యాన్లోనో ఊళ్ళోని కొట్టుకి. దారిలో ఒక్కచోట ఖర్చు పెరిగినా ఆ పైసలు కాస్తా ఆవిరైపోతాయి. ఖర్చు పెరగకుండా, సరుకు పాడవకుండా, కొట్లో అయిపోయేలోపు మళ్ళీ అందేలా చూడటమే లాజిస్టిక్స్. లారీ బుక్ చేయడం అందులో ఒక చిన్న ముక్క మాత్రమే.

ఒక లెక్క చేద్దాం, భయపడకండి. మీ ఊరి డిస్ట్రిబ్యూటర్ ఏడాదికి 1,200 పెట్టెలు అమ్ముతాడు. ఒక్కసారి ఆర్డర్ పెట్టి సరుకు తెప్పించుకుంటే, ఎంత తెప్పించినా 150 రూపాయలు ఖర్చు. ఒక పెట్టెని గోడౌన్లో ఏడాదిపాటు ఉంచితే 4 రూపాయలు ఖర్చు. మరి ఒకసారికి ఎన్ని పెట్టెలు తెప్పించుకోవాలి? నెలనెలా 100 తెప్పిస్తే, 12 ఆర్డర్లకి 1,800. గోడౌన్లో సగటున 50 పెట్టెలు ఉంటాయి, దానికి 200. మొత్తం 2,000. పోనీ ఏడాది సరుకు ఒకేసారి తెప్పిస్తే, ఆర్డర్ ఖర్చు 150, సగటున 600 పెట్టెల నిల్వకి 2,400. మొత్తం 2,550. అదే ఒకసారికి 300 చొప్పున నాలుగుసార్లు తెప్పిస్తే? ఆర్డర్లకి 600, నిల్వకి 600, మొత్తం 1,200. ఇదే అన్నిటికంటే తక్కువ. ఈ 300 ఊహించి చెప్పింది కాదు. దీనికి ఒక ఫార్ములా ఉంది. 1913లో ఫోర్డ్ హ్యారిస్ అనే ఇంజనీర్ రాశాడు. వందేళ్ళు దాటినా బీబీఏ క్లాసులో ఇప్పటికీ చెబుతారు. చూశారుగా, టెన్త్ లెక్కలు వచ్చినవాళ్ళు ఎవరైనా చేయగలరు. "నాకు మ్యాథ్స్ రాదు, లాజిస్టిక్స్ నావల్ల కాదు" అనుకునేవాళ్ళ కోసమే ఈ లెక్క చెప్పాను.

చట్టం మారితే గోడౌన్ కూడా మారిపోతుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అంతకుముందు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి నేరుగా అమ్మితే సెంట్రల్ సేల్స్ ట్యాక్స్ పడేది. ఆ పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు ప్రతి రాష్ట్రంలో ఒక గోడౌన్ పెట్టుకుని, సరుకు అక్కడికి పంపి, అక్కడే అమ్మేవి. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం పోయింది. చిన్న చిన్న గోడౌన్లు నాలుగు మూసి, రోడ్లు బాగున్నచోట ఒక పెద్దది కట్టుకోవడం మొదలైంది. మేడ్చల్ వైపో, శంషాబాద్ వైపో వెళ్తే రోడ్డు పక్కన పొడవాటి రేకుల షెడ్లు కనిపిస్తాయి కదా, అవి అక్కడికి రావడానికి ఇదీ ఒక కారణం. అటు విశాఖపట్నం, కృష్ణపట్నం పోర్టులు. ఇటు గుంటూరులో మిర్చి రంగు పోకుండా నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలు. ఇవన్నీ లాజిస్టిక్సే. పుస్తకంలో చదివేది మీ ఇంటికి బస్సు దూరంలోనే ఉంటుంది.

ఇక మేనేజ్‌మెంట్. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, "అదేముంది, అంతా థియరీనే కదా" అని. సరే, మన షాంపూ కథలోకే మళ్ళీ వెళ్దాం. కంపెనీ సేల్స్‌మ్యాన్‌కి నెల టార్గెట్ ఇచ్చింది. 25వ తేదీ వచ్చింది, టార్గెట్ ఇంకా సగంలోనే ఉంది. అతనేం చేస్తాడు? తెలిసిన కొట్లకి వెళ్ళి, "అన్నా, ఈ నెల కాస్త ఎక్కువ తీసుకో, వచ్చే నెల చూసుకుందాం" అని బతిమాలి స్టాక్ దింపేస్తాడు. కాగితం మీద అమ్మకాలు పెరిగాయి. పై ఆఫీసులో అందరూ సంతోషం. డిస్ట్రిబ్యూటర్ ఇంకాస్త ఎక్కువ ఆర్డర్ పెడతాడు. డిపో ఇంకా ఎక్కువ అడుగుతుంది. ఫ్యాక్టరీ డబుల్ షిఫ్ట్ నడుపుతుంది. కానీ ఊళ్ళో తలంటు పోసుకునేవాళ్ళు పెరిగారా? లేదు! వచ్చే నెల కొట్టువాళ్ళు "వద్దన్నా, ఉన్నదే పోవట్లేదు" అంటారు. అన్ని గోడౌన్లూ నిండిపోతాయి.

కొట్లో చిన్న కదలిక, ఫ్యాక్టరీకి చేరేసరికి పెద్ద అల అవుతుంది. కొరడా పట్టుకుని మణికట్టు కాస్త కదిపితే కొస ఎంత ఊగుతుందో, అలా. అందుకే దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. ఇలా ఎందుకు జరుగుతుందో ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్ 1961లోనే వివరించారు.

ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది? సేల్స్‌మ్యాన్‌దా? గోడౌన్‌దా? నన్నడిగితే టార్గెట్ పెట్టిన పద్ధతిది. కొట్లోకి ఎంత దింపారు అని కొలిచారు గానీ, కొట్లోంచి ఎంత పోయింది అని కొలవలేదు. మనుషుల్ని ఏ కొలతతో కొలిస్తే ఆ కొలతకి తగ్గట్టే పనిచేస్తారు. ఈ ఒక్క మాట సరిగ్గా అర్థమైతే మేనేజ్‌మెంట్ సగం వచ్చినట్టే.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఇవి మూడు వేరువేరు కోర్సుల్లా కనిపిస్తాయి, కానీ మూడూ ఒకే ప్యాకెట్ వెనకాల పరిగెడుతున్నాయి. పేరు ఏది తీసుకున్నా మిగతా రెండూ తెలియకపోతే మీ పని మీకే అర్థం కాదు. మరి ఎలా ఎంచుకోవాలి? కొత్తవాళ్ళతో మాట్లాడటం, "వద్దు" అన్నా నవ్వుతూ మళ్ళీ వెళ్ళడం మీకు కష్టం కాకపోతే మార్కెటింగ్. లెక్క, వరుస, టైము తప్పితే మీకు చిరాకొస్తుందా? లాజిస్టిక్స్. ఇంట్లో సొంత వ్యాపారం ఉందా, లేదా ఎంబీఏ తప్పకుండా చేస్తారా? జనరల్ మేనేజ్‌మెంట్ సరిపోతుంది.

ఇంకో మాట. "అమ్మాయివి, నీకెందుకమ్మా లాజిస్టిక్స్, లారీలు, గోడౌన్లు" అనేవాళ్ళు ఉంటారు. సరుకు ప్లానింగ్, ఎక్స్‌పోర్ట్ కాగితాలు, కస్టమ్స్ పని, డిస్పాచ్ షెడ్యూలింగ్, ఇవన్నీ కూడా లాజిస్టిక్సే. మూటలు మోయడం ఒక్కటే అనుకునేవాళ్ళకి ఈ వీడియో పంపించండి.

ఇప్పుడు చేదు నిజం. బీబీఏ అవగానే ఎవరూ మేనేజర్ కుర్చీ వేసి కూర్చోబెట్టరు. మార్కెటింగ్ వాళ్ళకి మొదటి ఉద్యోగం ఎక్కువగా ఫీల్డ్ సేల్స్. ఎండలో బండి మీద తిరుగుతూ, కొట్టుకొట్టుకీ వెళ్ళి ఆర్డర్లు రాసుకోవడం. లాజిస్టిక్స్ వాళ్ళకి గోడౌన్లో షిఫ్ట్, స్కానర్, స్టాక్ లెక్క, ఈ-వే బిల్లు. అక్కడ రెండేళ్ళు ఓపిగ్గా నేర్చుకున్నవాళ్ళకి తర్వాత దారి దొరుకుతుంది. "చేరగానే ఏసీ రూమ్" అని ఏ కాలేజీ చెప్పినా నమ్మకండి.

కాలేజీలో చేరేముందు ఈ ప్రశ్నలు అడగండి. ఫోన్లో నోట్ చేసుకోండి.

ఒకటి, ఏఐసీటీఈ అనుమతి ఉందా? 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులని కూడా ఏఐసీటీఈ తన కిందకి తెచ్చుకుంది. కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉంది, డిగ్రీ ఎవరిస్తారు, అదీ అడగండి.

రెండు, సీటు ఎలా వస్తోంది? తెలంగాణలో దోస్త్, ఆంధ్రలో ఓఏఎండీసీ ద్వారానా, లేక నేరుగా కాలేజీ ఇస్తోందా? ఆ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? "వస్తుందిలే" అంటే చాలదు, కాగితం మీద చూపించమనండి.

మూడు, ఇంటర్న్‌షిప్ నిజంగా ఉందా? కొన్ని కాలేజీలు లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్‌తో కలిసి బీబీఏ నడుపుతున్నాయి. అందులో చదువుతూనే కంపెనీలో అప్రెంటిస్‌గా పనిచేసి స్టైపెండ్ తీసుకోవచ్చు. అలాంటిదైతే ఏ సెమిస్టర్లో, ఏ కంపెనీలో, నెలకి ఎంత అని అడగండి. సర్టిఫికెట్ కొనుక్కునే ఇంటర్న్‌షిప్ అయితే అది టైమ్ వేస్ట్.

నాలుగు, "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అంటే ఎంతమందిలో? పోయినేడు పాసైనవాళ్ళు ఎంతమంది, అందులో ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎంతమంది, ఏ పనిలో? అన్నిటికంటే మంచిది, గేటు బయట ఫైనలియర్ వాళ్ళని పట్టుకుని ఒక టీ తాగించండి. ఆ టీ ఖర్చుకి ఫలితం ఎక్కువ.

చేరాక మాత్రం ఎక్సెల్ గట్టిగా నేర్చుకోండి. మూడు కోర్సులకీ అదే చెయ్యి. ఇంగ్లిష్‌లో ఒక ఈమెయిల్ తప్పుల్లేకుండా రాయడం నేర్చుకోండి. హిందీ నాలుగు ముక్కలు వస్తే ఇంకా మంచిది, లారీ డ్రైవర్‌తో మాట్లాడాలి కదా.

చివరగా ఒక చిన్న పని. ఈ వారం మీ వీధి కిరాణా కొట్టుకి వెళ్ళండి. ఖాళీగా ఉన్న టైములో వెళ్ళండి, బేరాల టైములో కాదు. మూడు ప్రశ్నలు అడగండి. ఏ సరుకు ఎక్కువ పోతుంది, ఎందుకు? ఏ సరుకు అడిగినా టైముకి రాదు? ఏ కంపెనీ సేల్స్‌మ్యాన్ అంటే మీకు నచ్చుతాడు, ఎందుకు? మొదటిది మార్కెటింగ్, రెండోది లాజిస్టిక్స్, మూడోది మేనేజ్‌మెంట్. ఏ జవాబు వింటున్నప్పుడు "అవునా, తర్వాత?" అని మీకు అడగాలనిపించిందో, మీ కోర్సు దాదాపు అదే.

ఆ కొట్టాయన ఏం చెప్పారో కింద కామెంట్లో రాయండి, నేను చదువుతాను. ఇంట్లో ఈ చర్చ నడుస్తుంటే అమ్మానాన్నలకి కూడా చూపించండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!