పొద్దుపోక చెక్కిన బాతులు - మా సంఘం అనుభవం



మాది కొండపల్లి. మా ఇళ్లల్లో బొమ్మ చెక్కడం మగవాళ్ల పని, రంగులేయడం మా పని. మిగిలిన తెల్లపొణికి ముక్కలు పారేయబుద్ధి కాక మధ్యాహ్నాలు పిల్లలకి బాతులు చెక్కిచ్చేవాళ్లం. దాన్ని పని అని ఎవరూ అనలేదు, మేమూ అనుకోలేదు.

ఒకసారి కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని చూశాం. ముక్కు కింద ఆ సంచీ భలే ఉంటుంది! వచ్చి అదే చెక్కాం. మెడ మూడుసార్లు విరిగింది. పొణికి తేలిక కర్ర, మరీ సన్నం చేస్తే ఆగదు. చివరికి మెడ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించాం. మా పెద్దలు ఏనుగు అంబారీకి చేసేదీ అదే. రోజూ కళ్లముందు ఉన్నా మాకు తట్టడానికి నెల పట్టింది.

సంఘంలో 50,000 అప్పు తీసుకుని కర్ర, ఉలులు కొన్నాం. మొదటి బజారులో 40 బొమ్మలు 150 చొప్పున అన్నీ అమ్ముడుపోయాయి. పండగే అనుకున్నాం. లెక్క రాసే అమ్మాయి కూర్చోబెట్టి చూస్తే, కర్ర, రంగులు, ఛార్జీలు పోను బొమ్మకి మిగిలింది 40 రూపాయలు. ఒక్కో బొమ్మకి పట్టింది రెండు రోజులు. "మీ కూలి ఎక్కడ రాశారు?" అంది. సరదా పనికి కూలేమిటని మేం రాయలేదు. అప్పు వాయిదాలేమో పాల డబ్బుల్లోంచి కడుతున్నాం. ఆ రాత్రి గట్టిగానే గొడవపడ్డాం. ఒక చెల్లి మానేసింది కూడా.

అమెరికాలో వేటగాళ్లు నిజం పక్షుల్ని రప్పించడానికి చెక్క బాతుల్ని నీళ్లమీద వదిలేవాళ్లు. మేరీలాండ్‌లోని క్రిస్‌ఫీల్డ్‌లో వార్డ్ అన్నదమ్ములు సెలూన్ నడుపుకుంటూ అవి చెక్కేవాళ్లు. అదే వాళ్ల బతుకుతెరువయింది. తర్వాత ఆ బాతులు వేటకి కాక ఇళ్లల్లో దాచుకోవడానికి కొనేవయ్యాయి. ఇది విన్నాక మాకు అర్థమైంది, మన బొమ్మని ఎవరు, ఎందుకు కొంటున్నారో ముందు తెలుసుకోవాలని.

గూడబాతు ధర 450 చేశాం. ఖర్చులు 110 పోతే రోజుకు 170 పడుతుంది. ఉపాధి పని కన్నా తక్కువే, కానీ ఇంటిపట్టున ఉంటాం. మొదట 30 తీసుకెళ్తే 11 అమ్ముడుపోయాయి. అందుకని పూటలో అయ్యే చిన్న బాతు 200కి పెట్టాం. ఎక్కువ పోయేది అదే. ఒక దుకాణం వాళ్లు అప్పుమీద తీసుకుని ఏడు నెలలు తిప్పారు. ఇప్పుడు సగం డబ్బు ముందిస్తేనే ఆర్డరు పడతాం. అడగడానికి మొదట్లో నోరు రాలేదు లెండి.

ఉగాది నుంచి వాయిదాలు బొమ్మల డబ్బుతోనే కడుతున్నాం. మానేసిన చెల్లి తిరిగొచ్చింది, రంగులు తనే చూస్తుంది.

వానాకాలం రంగు ఆరదు, ఆ నెలల్లో పని సగమే. పొణికి కర్ర కూడా కొండమీద తగ్గిపోతోంది. సమాఖ్య వాళ్లని అడిగేది రెండే: బొమ్మలు ఆరబెట్టుకోవడానికి ఒక రేకుల షెడ్డు, నాటుకోవడానికి పొణికి మొక్కలు. తీర్మానంలో ఈ రెండూ రాయించండి.